ఇండికేటర్ వెలగకపోతే ముందు ఏం చూడాలి?

కారు ఇండికేటర్ వెలగకపోతే చాలామందిమి కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటూ నాలుగు రోజులు నెట్టుకొస్తాం. పగలైతే సరే, రాత్రిపూట వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఆ చెయ్యి కనబడదు. తప్పు ఎక్కడుందో ఇంటి ముందే అయిదు నిమిషాల్లో చాలావరకు తేల్చుకోవచ్చు. అందుకు డాష్‌బోర్డు మీది ఎర్ర త్రిభుజం బటన్ చాలు.

ఆ హజార్డ్ బటన్ నొక్కితే వెలిగేవి వేరే దీపాలు కావు, ఇండికేటర్ బల్బులే. కరెంటు వచ్చే దారి మాత్రం చాలా కార్లలో వేరు. ఇండికేటర్లకు తాళం తిప్పాకే వస్తుంది. హజార్డ్‌కు తాళం తీసేసినా బ్యాటరీ నుంచి వస్తుంది. కాబట్టి రెండూ వేసి పోల్చి చూడాలి. హజార్డ్ బాగా వెలిగి, ఇండికేటర్లు రెండు పక్కలా వెలగకపోతే బల్బుల జోలికి పోనక్కర్లేదు. ఇండికేటర్ ఫ్యూజునో, స్టీరింగ్ పక్కనున్న మీటనో అనుమానించాలి. కొన్ని పాత కార్లలో ఇండికేటర్ కరెంటు కూడా హజార్డ్ బటన్ గుండానే పోతుంది. దాన్ని పదిసార్లు నొక్కి వదిలితే లోపలి మకిలి వదిలి పనిచేయడం కద్దు. రెండూ వెలగకపోతే ఫ్యూజులు చూసి, తర్వాత ఫ్లాషర్ రిలే వైపు వెళ్ళాలి.

ఒక్క పక్కే టకటకమని వేగంగా కొట్టుకుంటే ఆ పక్క బల్బు ఒకటి మాడిపోయి ఉంటుంది. మామూలు వేగం నిమిషానికి 60 నుంచి 120 సార్లు. బల్బు పోగానే లాగే కరెంటు తగ్గుతుంది, ఫ్లాషర్ అది పసిగట్టి వేగం పెంచుతుంది. 21 వాట్ల బల్బు తీసి సోకుకు ఎల్‌ఈడీ పెట్టినా ఇదే తంతు.

బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే ఎర్తు తుప్పు పట్టిందని అర్థం. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది. ఫ్యూజు పోతే అన్నే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

కూడలిలో నేరుగా పోవడానికి హజార్డ్ వేసే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. పక్కనుంచి వచ్చేవాడికి ఒక వైపు దీపమే కనబడుతుంది. మనం తిరుగుతున్నామనుకుని అతను ముందుకొస్తాడు. ఆ బటన్ ఆగిపోయిన బండికి.

అలా చీకట్లో ఆగినప్పుడు హజార్డ్ కూడా వెలగకపోతే మెరిసే త్రిభుజాన్ని బాగా వెనక నిలబెట్టాలి. అది డిక్కీలో ఉందో లేదో ఇవాళే చూసుకుందాం.