ఇంధనపు పైరు – బంజరు నేల

కడప జిల్లా ఎర్రగుంట్ల పేరు వినగానే నాపరాళ్ళు, సిమెంటు కర్మాగారాలు స్ఫురిస్తాయి. ఆ రాతినేలల నడుమ వానను నమ్ముకొన్న చేలు, వాటి అంచున బంజరులు ఉన్నాయి. ఇటువంటి బంజరులలో ఇంధనాన్ని పండించవచ్చునన్న ఆలోచన 2003లో కేంద్ర ప్రణాళికా సంఘం నివేదికతో బలపడింది. అడవి ఆముదం (జట్రోఫా) గింజల నూనెతో డీజిలు వంటి ఇంధనాన్ని తయారుచేయవచ్చు. పశువులు దాని ఆకును ముట్టవు. కరవుకు మొక్క చావదు. అయితే చావకపోవడం వేరు, కాయడం వేరు. నీరు, ఎరువు లేనిచోట దిగుబడి స్వల్పమే. 2017 నాటికి 20 శాతం జీవ ఇంధనాన్ని కలపాలని 2009 నాటి జాతీయ విధానం సంకల్పించినా, బయోడీజిలు ఆ లక్ష్యం దరిదాపులకైనా చేరలేదు.

అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. దస్త్రాలలో ‘బంజరు’ అని వ్రాసినంతమాత్రాన ఆ నేల వట్టిది కాదు. గొర్రెల కాపరికి అది మేతభూమి, పేదయింటికి వంటచెరకు. అక్కడ ఇంధనపు పైరు పెడితే మంద మరొక చోటు వెదకుకోవాలి. ప్రపంచంలో జరిగేదీ ఇటువంటిదే. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడవవంతుకు పైగా ఇథనాలు తయారీకి పోతున్నది. పిప్పి కొంత పశువుల దాణాగా తిరిగి వచ్చినా, మిగిలిన లోటును పూరించడానికి వేరొక దేశంలో అడవియో, పచ్చికబయలో చేనుగా మారవచ్చునని 2008లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు.

కానుగ కథ కొంత భిన్నం. గట్లమీద, వాగుల ఒడ్డున పెరిగే ఈ చెట్టు చేనును ఆక్రమించదు. దాని ఆకు మడికి ఎరువు. నూనె పూర్వం దీపాలకు వాడేవారు. గట్లపై రాలే గింజలతో ఊరి ఇంజను నడవవచ్చును గాని, దేశపు లారీలకు ఆ నూనె చాలదు.