గర్భిణి గుండె శ్రమను చెప్పే రక్తపరీక్ష



నెలలు నిండుతున్న అమ్మాయికి పాదాలు వాస్తే మన ఇళ్లలో నీరు పట్టిందంటారు, కొందరు నంజు అంటారు. మన పక్కనున్న కన్నడంలోనూ తమిళంలోనూ నంజు అంటే విషం. చిత్రమేమంటే, వైద్యులు కూడా చాలాకాలం ఈ జబ్బును టాక్సీమియా అనే పిలిచారు. రక్తంలో విషం చేరడమని దాని అర్థం. ఆ విషమేదో దొరకలేదు, పేరు మారింది. ఇప్పటి పేరు ప్రీఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే అది ఎక్లాంప్సియా, మన పెద్దలు గుర్రపువాతం అనేది.

ఇరవయ్యో వారం దాటాక రక్తపోటు 140/90 గానీ అంతకు మించి గానీ ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతిన్న గుర్తులున్నా ఈ జబ్బని అనుకుంటారు. వాపు లేకుండా కూడా ఇది రావచ్చు. కాబట్టి కాళ్లు చూసి ఊరుకోకుండా బి.పి. చూపించుకోవాలి.

ఇక గుండె సంగతి. గర్భిణిలో రక్తం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. మామూలుగా రక్తనాళాలు వదులై దానికి చోటిస్తాయి. ఈ జబ్బులో మాయ నుంచి వచ్చే కొన్ని పదార్థాల వల్ల నాళాలు బిగుసుకుంటాయి. చేతిపంపు బిగిస్తే కొట్టేవాళ్ల రెక్కలు ఎలా పీకుతాయో, గుండె కండరానికీ అలాంటి శ్రమే.

ఆ శ్రమ బయటికి కనిపించదు, రక్తంలో తెలుస్తుంది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో ఒక పదార్థాన్ని కనుగొని, మెదడులో దొరికింది గనుక బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్ అని పేరు పెట్టారు. పొట్టిగా బి.ఎన్.పి. తీరా చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లో! పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. గోడలు సాగి ఒత్తిడి పడినప్పుడు గుండె దీన్ని విడుస్తుంది. ఉప్పును, నీటిని మూత్రంలో పంపించి, నాళాలను వదులు చేసి, తన బరువు తానే దించుకునే ప్రయత్నమన్నమాట. దాంతోపాటు విడిపోయే ముక్క ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. లేబొరేటరీలో ఈ రెంటిలో ఏదో ఒకటి కొలుస్తారు.

ఆరోగ్యంగా ఉన్న గర్భిణిలో, రక్తం అంత పెరిగినా, బి.ఎన్.పి. పెద్దగా పెరగదు. ప్రీఎక్లాంప్సియా ఉన్నవారిలో, అందులోనూ తీవ్రంగా ఉన్నవారిలో పెరుగుతుంది. ట్రోపోనిన్ అని ఇంకొకటుంది. అది గుండె కండరం గాయపడితే రక్తంలోకి వచ్చేది, గుండెపోటు అనుమానంలో చూసేది. ఈ జబ్బులో కొందరికి అదీ కొద్దిగా పెరుగుతుంది.

అయితే ప్రతి గర్భిణికీ ఈ పరీక్షలు అక్కర్లేదు. ప్రీఎక్లాంప్సియాను తేల్చేది బి.పి., మూత్రపరీక్షలే. ఆయాసం ఉన్నప్పుడే బి.ఎన్.పి. అక్కరకొస్తుంది. నెలలు నిండిన మనిషికి ఆయాసం సహజమంటాం, కాన్పయ్యాక బాలింత నీరసమంటాం. నాకు భయమనిపించేది ఈ మాట దగ్గరే. కాన్పుకు ముందు నెల నుంచి కాన్పు తర్వాత ఐదు నెలల లోపు గుండె కండరం బలహీనపడే జబ్బు కొందరికి వస్తుంది. ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి ఆ ముప్పు ఎక్కువ. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, రాత్రిపూట దగ్గు, నాలుగడుగులకే రొప్పు ఉంటే అది నీరసం కాదు. అప్పుడు బి.ఎన్.పి. 100 లోపుంటే, లేదా ఎన్.టి.-ప్రోబి.ఎన్.పి. 300 లోపుంటే, గుండె విఫలమై వచ్చిన ఆయాసం కాకపోవచ్చని డాక్టరు అనుకుంటారు. ఎక్కువుంటే ఎకో తీయిస్తారు. మూత్రపిండాల జబ్బులోనూ ఈ అంకె పెరుగుతుంది, లావుపాటి వారిలో తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి కాగితం మీది అంకె చూసి ఇంట్లోనే తీర్పు చెప్పుకోకూడదు.

మన సరిహద్దు ఊళ్లకు ఇంకొక చిక్కుంది. హోసూరు కోడలు తొలి కాన్పుకు కుప్పంలోని పుట్టింటికి వెళుతుంది, బళ్లారి కోడలు గుంతకల్లు వెళుతుంది. బి.పి. లెక్కలు రాసిన కార్డు అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. కర్ణాటకలో దాన్ని తాయి కార్డు అంటారు. ఏ భాషలో ఉన్నా అంకెలు అంకెలే, డాక్టరు చదువుకుంటారు. చీరలతోపాటు అదీ సర్దండి.

కాన్పయ్యాక కూడా దాన్ని పారేయకండి. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలలో తరువాతి కాలంలో గుండె విఫలమయ్యే ముప్పు సుమారు నాలుగు రెట్లు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు సుమారు రెండు రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఏటా ఒకసారి బి.పి. చూపించుకోండి. యాభయ్యేళ్లప్పుడు ఏ గుండె డాక్టరు దగ్గరకు వెళ్లినా, ఆయన అడగకపోయినా, తొలి కాన్పులో బి.పి. పెరిగిందని చెప్పండి.