లెవితాన్ చిత్రించిన బాట

విశాలమైన మైదానము. దాని నడుమ దిగంతము వరకు సాగిపోవు మట్టిబాట. ఇరుప్రక్కల గడ్డిలో కాలినడకచే ఏర్పడిన సన్నని దారులు. పైన బూడిదవన్నె మబ్బులు క్రమ్మిన ఆకాశము. దూరమున, దారిప్రక్క నిలిపిన ప్రార్థనాస్తంభము చెంత, యాత్రికురాలొకతె అగపడును. 79 సెంటీమీటర్ల ఎత్తు, 123 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ తైలవర్ణ చిత్రములో ఇంతకు మించి చెప్పదగిన సంఘటన ఏదియు లేదు. అయినను మనస్సును ఇంతగా కలచు ప్రకృతిచిత్రములు అరుదు.

దీని పేరు ‘వ్లదీమిర్కా’. చిత్రకారుడు ఇసాక్ లెవితాన్ (1860–1900). మాస్కోనుండి తూర్పుగా వ్లదీమిర్ నగరమునకు పోవు రహదారిని రష్యా ప్రజలు ఆ పేరుతో పిలిచెడివారు. జారు చక్రవర్తుల కాలమున, శిక్షపడినవారిని సంకెలలతో ఈ దారినే సైబీరియాకు నడిపించెడివారు. రైలుమార్గము వచ్చిన పిమ్మట ఆ నడక నిలిచిపోయెను, బాట మిగిలెను. 1892 వేసవిలో ఆ ప్రాంతమున విడిసియున్న లెవితాన్, వేటనుండి మరలుచు ఈ దారిపైకి వచ్చెను. మొదట దాని అందమునకు ముగ్ధుడయ్యెను. అది ఏ దారియో పిదప స్ఫురించెను. వెంటనున్న చిత్రకారిణి కువ్షిన్నికోవా ఈ సంగతిని తన జ్ఞాపకములలో వ్రాసినది.

ఇట్టి చిత్రమునకు నేల అంతకు ముందే సిద్ధమైనది. 1863లో సెయింట్ పీటర్స్‌బర్గు కళా అకాడమీ విద్యార్థులు 14 మంది, బంగారు పతకపు పోటీకి విధించిన పురాణగాథను చిత్రింప నిరాకరించి వెడలివచ్చిరి. 1870లో ఏర్పడిన సంచార ప్రదర్శనల సంఘము చిత్రములను ఊరూరికి కొనిపోయెను. లెవితాన్ గురువైన సావ్రాసొవ్, ఆ సంఘము 1871లో జరిపిన తొలి ప్రదర్శనలో ఒక పల్లెటూరి వసంతారంభమును చూపెను: కరగుచున్న మంచు, వంకర చెట్లు, గూళ్లకు మరలిన పక్షులు. స్వదేశపు బురదనేలయు కళకు తగినదేయని ఆ చిత్రము చాటెను.

అదే కాలపు వాస్తవికవాది రేపిన్, వోల్గా తీరమున పడవలు లాగు కూలీల కష్టమును వారి ముఖములలోనే చూపెను. లెవితాన్ మార్గము వేరు. ఖైదీ గాని, సంకెల గాని, కాపలాభటుడు గాని పటమున లేరు. పాదములు అరగదీసిన నేల మాత్రమే కలదు. ఉన్నదున్నట్లు వ్రాయుటయే వాస్తవికత యైనచో, ఈ చిత్రమునకు అంతటి బలము ఎక్కడిది? ఆ నేల దాచుకొన్న చరిత్రయే ఆ బలము. ఆ సంవత్సరమే మాస్కోనుండి యూదులను వెడలగొట్టినప్పుడు, యూదుడైన లెవితాన్ కూడ కొంతకాలము నగరము విడువవలసివచ్చెను. వెళ్లగొట్టబడినవారి దారి ఆయనకు పరుల కథగా మిగులలేదు.

1894లో లెవితాన్ ఈ చిత్రమును మాస్కోలోని త్రెత్యకోవ్ చిత్రశాలకు కానుకగా ఇచ్చెను. దీని ప్రతిని తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయుడు, పేరు చెప్పకయే కొంతసేపు చూడనిచ్చుట మేలు. విద్యార్థులు పొలములను, మబ్బులను, దారిని చూచెదరు. ఆ దారిని నడచినవారెవరో పిదప చెప్పవలెను. పటమున ఒక్క రంగుచుక్కయు మారదు. కాని ఆ బాటను మరల వెనుకటి కన్నులతో ఎవ్వరును చూడజాలరు.