బొగ్గు ముక్కే కలం, జైలు గోడే కాగితం

కమ్మర్‌పల్లి: పసుపు బస్తాలు వేసుకొని నిజామాబాద్ మార్కెట్‌కు వెళ్ళే కమ్మర్‌పల్లి రైతులకు ఖిల్లా గుట్ట కొత్త కాదు. సరుకు కాంటా అయి డబ్బు చేతికి వచ్చేలోగా గుట్ట ఎక్కి రఘునాథస్వామికి దండం పెట్టుకొని వచ్చేవారూ ఉంటారు. ఆ ఖిల్లాలోనే ఒకప్పుడు జిల్లా జైలు ఉండేదని, అక్కడ తెలుగు పద్యం బొగ్గుతో గోడకెక్కిందని ఎరిగినవారు మాత్రం తక్కువ.

1947-48 నాటి మాట. నిజాం పాలనను ఎదిరించినందుకు దాశరథి కృష్ణమాచార్యులను ఈ జైలులో పెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. కాగితం లేదు, కలం లేదు. పళ్ళు తోముకునేందుకు ఖైదీలకు ఇచ్చే బొగ్గు ఉన్నది, ఎదుట సున్నం కొట్టిన గోడ ఉన్నది. నిజాంను ధిక్కరిస్తూ ఆయన గోడ మీద పద్యం వ్రాశారు. జైలువారు చెరిపించారు. మళ్ళీ వ్రాశారు. అందుకు దెబ్బలు కూడా తిన్నారు. వ్రాసినదానికి నేడు పారితోషికం చాలలేదని నొచ్చుకునేవారున్నారు, అందులో తప్పు లేదు. ఆనాడు పద్యానికి దక్కినది లాఠీ.

అదే జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. గోడ మీది పద్యాలను ఆయన కంఠతా పట్టారని చెప్పుకుంటారు. గోడను తుడవగలరు గాని మనిషి నోట ఉన్నదాన్ని ఎవరు తుడుస్తారు? దాశరథి తన తొలి కావ్యం 'అగ్నిధార' 1949లో వెలువడినప్పుడు దానిని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. రాజులకు, జమీందారులకు అంకితాలు ఇచ్చిన భాషలో ఇది చెప్పుకోదగిన సంగతి.

ఎందుకంటే ఆళ్వారుస్వామి ధనవంతుడు కాదు. నల్లగొండ జిల్లాలో 1915లో పుట్టారు. ఒక ఇంట వంట చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, తర్వాత 'గోలకొండ పత్రిక'లో ప్రూఫులు దిద్దారు. బడి చదువు అంతంతే. 1938లో సికిందరాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తెలుగు పుస్తకాలు అచ్చు వేశారు. వేసి ఊరుకోలేదు, నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మారు. కచేరీలో, పై చదువులలో ఉర్దూ నడిచే రాజ్యం. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. అలాంటి చోట తెలుగు పుస్తకం పాఠకుని వెతుక్కుంటూ గడప దాకా వచ్చిందన్న మాట. జైలులో తాను చూచిన మామూలు ఖైదీలను కథలుగా వ్రాసి 'జైలు లోపల' అని పేరు పెట్టారు. 'ప్రజల మనిషి' నవలా ఆయనదే. 1961లో, నలభై ఆరేళ్ళయినా నిండకుండానే కన్నుమూశారు.

ఒకరు చదివితే పది మంది వినడం ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. గల్ఫు పోయినవారి ఉత్తరం వస్తే చదువు వచ్చిన పిల్లవాడిని పిలిపించుకొని అరుగు మీద కూర్చోబెట్టి చదివించుకున్న తల్లులు కమ్మర్‌పల్లి, మోర్తాడ్, బాల్కొండ వైపు ఎందరో. జవాబు కూడా వాడే వ్రాయాలి. సెల్‌ఫోన్ వచ్చాక ఆ పని పోయింది. బీడీలు చుట్టే ఆడవారికి చేతులు ఖాళీ ఉండవు గాని చెవులు ఖాళీయే. అక్కడ ఒక కథల పుస్తకం పైకి చదివితే కాదనేవారు ఉండరు.

పుస్తకానికి పైసలు లేవనడానికీ లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఊరూరా కడుతూనే ఉన్నారు. పన్ను రసీదు ఇంటికి వస్తున్నది. పుస్తకం మాత్రం అంత తేలికగా రావడం లేదు. నెత్తిన మోసుకొచ్చే మనిషి ఇప్పుడు లేడు.

జైలు ఖిల్లా నుంచి సారంగపూర్‌కు మారి చాలా కాలమైంది. పసుపు అమ్ముకొని తిరిగి వచ్చే రోజున కొంచెం తీరిక దొరికితే, పిల్లలను వెంట తీసుకొని రైతులు ఆ పాత గోడలను ఒకసారి చూచి రావచ్చు. బస్సు ఎక్కేముందు బజారులో ఒక 'అగ్నిధార' కోసం అడిగి చూడవచ్చు.