పిల్లల గదిలో అల్మరా: రంగు కంటే ముందు గోడ చూడండి

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవగానే మనలో చాలామంది పిల్లల గదికి మంచం, టేబుల్, బట్టల అల్మరా కొనే ఆలోచనలో పడతాం. షాపులో ముందు రంగు చూస్తాం, తర్వాత ధర. మేము మాత్రం ఇంకో ప్రశ్న ముందు అడగమంటాం: దీన్ని గోడకు బిగించే వీలుందా?

ఇది చాదస్తం కాదు. సొరుగులన్నీ బయటికి లాగితే చిన్నపిల్లలకు అవి బొమ్మల కొలువు మెట్లలా కనిపిస్తాయి. సొరుగుల బరువు ముందుకు వస్తుంది, దానికి ఎక్కినవాడి బరువు తోడవుతుంది, అల్మరా మొత్తం వాడి మీదికి ఒరుగుతుంది. ఇలా పిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా అమెరికాలో దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల అల్మరాలను వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. 2023 సెప్టెంబరు 1 నుంచి అక్కడ 27 అంగుళాలు, అంతకు మించి ఎత్తున్న బట్టల అల్మరాలు 60 పౌండ్ల (సుమారు 27 కిలోల) పిల్లవాడు ఎక్కినా పడిపోకూడదన్న నిబంధన వచ్చింది. మనం ఇక్కడ కొనేది అంత గట్టిదో కాదో చూడగానే చెప్పలేం. బిగించుకోవడమే దారి.

పైగా మన వేసవి సంగతి తెలిసిందే. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండల్లో పిల్లలకు పార్కు, జారుడుబల్ల అన్నీ ఆ గదే.

"అద్దె ఇల్లు కదండీ, గోడకు రంధ్రాలా?" అని అడుగుతారు. హారిస్ ద్వారా ఓనర్‌ను ముందే అడగండి, వాట్సాప్‌లో ఒప్పుకుంటే ఆ మెసేజ్ దాచుకోండి. రెండు రంధ్రాలే, ఖాళీ చేసేటప్పుడు పుట్టీతో మూసెయ్యవచ్చు. అల్మరాతో పాటు బ్రాకెట్ ఇచ్చినా గోడలో దిగే స్క్రూలు చాలాసార్లు ఇవ్వరు, ఎందుకంటే గోడను బట్టి అవి మారతాయి. వేలితో కొట్టి చూడండి. గట్టిగా ఉంటే సిమెంటు గోడ, హ్యామర్ డ్రిల్, మామూలు ప్లగ్ చాలు. డొల్లగా మోగితే జిప్సం. అందులో మామూలు ప్లగ్ నిలవదు, జిప్సం గోడల కోసం చేసిన యాంకర్ అడిగి తెచ్చుకోవాలి. స్విచ్‌బోర్డుకు, కుళాయికి సరిగ్గా పైనా కిందా డ్రిల్ పెట్టకండి, వైర్లు, పైపులు ఉంటాయి.

ఓనర్ ఒప్పుకోకపోతే నడుము దాటని అల్మరా కొనండి. బరువులు అడుగు సొరుగులో, టీవీ వేరే చోట. ఇష్టమైన బొమ్మ అల్మరా పైన పెట్టడమంటే ఎక్కమని పిలవడమే.

ఇద్దరు పిల్లలుంటే బంక్ బెడ్ వైపు మనసు పోతుంది. ఆరేళ్ళు నిండనివాళ్ళను పై మంచం మీద పడుకోబెట్టవద్దు. పరుపు వేశాక దాని పైనుంచి కనీసం 5 అంగుళాల ఎత్తు కడ్డీ మిగలాలన్నది అమెరికా ప్రమాణం. ఊరి నుంచి తెచ్చిన పత్తి పరుపు ఇంకొకటి వేస్తే ఆ ఎత్తు కాస్తా పోతుంది. మంచమైనా టేబులైనా కిటికీ కింద వద్దు, ముఖ్యంగా పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళకు.

అల్ రాయ్ శుక్రవారం సంతలో పాతవి చవకగా దొరుకుతాయి, తప్పేమీ లేదు. కానీ బ్రాకెట్ సాధారణంగా పోయే ఉంటుంది. వెనక చెక్క ఊగుతోందేమో చూసి, బ్రాకెట్ విడిగా కొనుక్కోండి.

డ్రిల్ మెషీన్ లేనివాళ్ళు శుక్రవారం పూజయ్యాక వాలంటీర్లను అడగండి. వచ్చేటప్పుడు గోడ ఫోటో తీసుకురండి, ఏ ప్లగ్ కావాలో అక్కడే చూసి చెబుతాం.