లైసెన్సు ఫీజు లేదు సరే, మరి ఖర్చు?

కాలేజీలోనైనా, ఆఫీసులోనైనా కంప్యూటర్లు కొనే మాట వస్తే చాలు, ఇద్దరు తయారవుతారు. “లినక్స్ వేసేద్దాం, పైసా ఖర్చుండదు” అంటారు ఒకరు. “ఊరికే వచ్చేదేదీ ఊరికే ఉండదు, చివరికి తడిసి మోపెడవుతుంది” అంటారు ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఈ వాదన ఏళ్ల తరబడి తెగడం లేదు. లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: ఓపెన్ సోర్స్ అంటే డబ్బు తీసుకోకూడదు.

ఓపెన్ సోర్స్‌కు దారి వేసిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలపురుషుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ తర్వాత ఎంఐటీలో ఉద్యోగం వదిలేశారు. బతుకుతెరువు కోసం తన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మారు. నెట్ సౌకర్యం ఉన్నవాళ్లు ఊరికే దించుకున్నారు, లేనివాళ్లు టేపు కొనుక్కున్నారు. ఆయన రాసిన జీపీఎల్ లైసెన్సు కూడా ఎంత ధరకైనా అమ్ముకోవచ్చనే చెబుతుంది. కొన్నవాడికి సోర్స్ కోడ్ అందాలి, దాన్ని మార్చుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు ఉండాలి. షరతు అంతే.

అయితే పంచే హక్కు కొన్నవాడికి దక్కాక కాపీకి పెద్ద ధర నిలవదు. కాబట్టి వ్యాపారులు కాపీని వదిలేసి సేవను అమ్మడం నేర్చుకున్నారు. అప్‌డేట్లు, భద్రత, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోనెత్తే మనిషి, వీటికి లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ ఏటా చందా వసూలు చేస్తుంది. 2012 ఆర్థిక సంవత్సరంలో దాని ఆదాయం 100 కోట్ల డాలర్లు దాటింది. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పోసి ఆ కంపెనీని కొనుక్కుంది.

అపోహ: లైసెన్సు ఫీజు లేదంటే ఖర్చు లేనట్టే.

దీనికి మన కాలేజీ లైబ్రరీలనే చూడాలి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ న్యూజిలాండ్‌లో పుట్టింది. అక్కడి హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తేలింది. కొత్తది కొనే బదులు కటిపో అనే చిన్న కంపెనీతో రాయించుకుని, 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, ఆ కోడ్‌ను లోకానికి వదిలేశారు. ఇవాళ మన డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలు చాలా వాటిలో ఉన్నది అదే. కాలేజీలకు నాణ్యత గుర్తింపునిచ్చే న్యాక్ లైబ్రరీ ఆటోమేషన్ సంగతి అడుగుతుంది, కోహాకు లైసెన్సు ఫీజు లేదు. యాజమాన్యానికి అంతకన్నా ఏం కావాలి?

అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది. సర్వర్ కావాలి, లేదంటే క్లౌడ్‌కు నెలనెలా కట్టాలి. వేల పుస్తకాల వివరాలు అక్సెషన్ రిజిస్టర్ నుంచి ఎక్కించాలి. పాత సాఫ్ట్‌వేర్‌లోనో ఎక్సెల్‌లోనో ఉన్న డేటాను లైబ్రరీలు వాడే మార్క్ 21 పద్ధతిలోకి మార్చాలి. బార్‌కోడ్ లేబుళ్లు, స్కానర్, సిబ్బందికి శిక్షణ, ఆపైన ఏటా నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ). పని నేర్చుకున్న లైబ్రేరియన్ మరో కాలేజీకి వెళ్లిపోతే శిక్షణ మళ్లీ మొదటికి. ఉచితమని చెప్పి బడ్జెట్ పద్దులో సున్నా వేయించుకున్న ప్రిన్సిపాల్ చేత తర్వాత బ్యాకప్ కోసం ఒక హార్డ్ డిస్క్ కొనిపించడం ఎంత కష్టమో ఏ లైబ్రేరియన్‌ను అడిగినా చెబుతారు.

కానీ ఈ జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. డేటా ఎంట్రీ, బార్‌కోడ్, సర్వర్, శిక్షణ ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా తప్పవు. వాటిని కోహా లెక్కలో మాత్రమే రాసి, కొనే సాఫ్ట్‌వేర్ పక్కన లైసెన్సు ధర ఒక్కటే రాసే కొటేషన్లు ఉంటాయి. అలా పోల్చి ఉచితం ఖరీదైనదని తేల్చడం పెద్ద కష్టమేం కాదు. నిజమైన తేడా మరోచోట ఉంది. ఏఎంసీ తీసుకున్న సంస్థ ఫోనెత్తడం మానేస్తే, కోహా తెలిసిన మరో సంస్థను పిలుచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మారదు, డేటా మారదు. కోడ్ చేతికివ్వని మూసిన సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు లేదు. ఆ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు, అందుకే రెన్యువల్ దగ్గర బేరం సాగదు.

అపోహ: ఓపెన్ సోర్స్ వాడి కేరళ బడులు 3,000 కోట్ల రూపాయలు మిగిల్చాయి.

ఇది అబద్ధమని కాదు, కానీ లెక్క ఎలా కట్టారో చూడాలి. కేరళలో బడుల సాంకేతిక వ్యవహారాలు చూసే కైట్ సంస్థ 2019లో ఉబుంటు అనే లినక్స్ ఆధారంగా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసినప్పుడు ఈ అంకె చెప్పింది. రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు, ఒక్కోదానికి లక్షన్నర రూపాయల సాఫ్ట్‌వేర్ అనుకుంటే మూడు వేల కోట్లు. ఆ లక్షన్నరలో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే లేదు. డీటీపీ, బొమ్మలు, ఆడియో, వీడియో, యానిమేషన్, మ్యాపులు, డేటాబేస్, వీటి పనిముట్లన్నీ లెక్కలోకి వచ్చాయి. ఏ ప్రభుత్వమూ ఒక్కో బడి కంప్యూటర్‌కు ఇవన్నీ కొనదు. కొన్నా విద్యాసంస్థల రాయితీ ఉంటుంది. కాబట్టి ఖజానాలో 3,000 కోట్లు మిగిలి కూర్చోలేదు.

నాకు ఆ అంకె కన్నా దాని అడుగున ఉన్న సంగతే ముఖ్యమనిపిస్తుంది. డబ్బు కట్టాల్సి వస్తే ఆ పిల్లలకు యానిమేషన్, మ్యాపుల పనిముట్లు అందేవే కావు. ఇప్పుడు బడిలో వాడిందాన్నే చట్టబద్ధంగా కాపీ చేసుకుని ఇంట్లోనూ వాడుకోవచ్చు. పైగా కేరళ ఊరికే ఏమీ పొందలేదు. 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ పథకం కాలం నుంచీ ఉపాధ్యాయుల శిక్షణ మీద, సొంత సాంకేతిక బృందం మీద ఖర్చు పెడుతూ వచ్చింది. లైసెన్సులకు పోవలసింది మనుషుల మీద పెట్టింది. అది లేకుండా సీడీ ఒక్కటే పంచే రాష్ట్రానికి ఆ ఫలితం రాదు.

అపోహ: మ్యూనిక్ వెనక్కి వచ్చేసింది కాబట్టి లినక్స్ ఖరీదైన వ్యవహారం.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించింది. దాన్ని ఆపడానికి అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ సెలవుల్లో మంచు ఆటలు వదిలేసి మేయర్‌ను కలిశారు. ధర బాగా తగ్గించారు. అయినా నగరం వినలేదు. దాదాపు 15,000 కంప్యూటర్లు మారాయి. కోటి యూరోలకు పైగా ఆదా అయిందని 2012లో నగరం లెక్క చెప్పింది. మైక్రోసాఫ్ట్ కోసం హెచ్‌పీ చేసిన మరో అధ్యయనం కాదంది, నగరం దాన్ని తోసిపుచ్చింది. 2017లో కౌన్సిల్ తిరిగి విండోస్ వైపు ఓటు వేసింది. మ్యూనిక్ లినక్స్‌కు మారుతున్న రోజుల్లోనే ఫ్రాన్స్‌లోని జాందార్మరీ పోలీసు దళం నిదానంగా నడిచింది. 2005లో ముందు ఓపెన్ ఆఫీస్, తర్వాత బ్రౌజర్, ఈమెయిల్ మార్చి, అవి అలవాటయ్యాక 2008 నుంచి ఉబుంటు ఎక్కించింది. వాళ్లు వెనక్కి రాలేదు. కాబట్టి మ్యూనిక్ ఒక్కదాన్ని చూసి లినక్స్ ఖరీదని తేల్చలేం.

ఇలాంటి మార్పుల్లో బరువైన ఖర్చు పాత ఫార్మాట్ల నుంచి బయటపడటం. అది పాత సాఫ్ట్‌వేర్ పెట్టిన అప్పు, తీర్చేటప్పుడు మాత్రం కొత్తదాని పద్దులో రాస్తాం. తెలుగు ప్రచురణకర్తలకు ఈ అప్పు బాగా తెలుసు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, 2004లో దాని అభివృద్ధి ఆగిపోయింది. మన డీటీపీ సెంటర్లలో అది అను ఫాంట్లతో కలిసి ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచింది. అనులో టైప్ చేసింది యూనికోడ్ కాదు. అదే పుస్తకాన్ని ఈబుక్‌గా తేవాలంటే కన్వర్టర్‌లో వేయాలి, జారిపోయిన వత్తుల కోసం మొత్తం ప్రూఫ్ మళ్లీ చూడాలి.

“మా కాపీ ఊరికే వచ్చిందండీ” అనే పైరసీ సమర్థన కూడా ఇక్కడే తేలిపోతుంది. దొంగ కాపీతో లైసెన్సు డబ్బు ఎగ్గొట్టొచ్చు, ఈ పాత ఫార్మాట్ల కట్టు నుంచి మాత్రం తప్పించుకోలేం. పైగా ఊరికే దొరికిందనే అందరం అక్కడ ఇరుక్కున్నాం. మరోపక్క సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, గురజాడ, సూరవరం, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులో ఉన్నాయి. వాటి తయారీ ఖర్చు ఎవరో ఒకసారి భరించారు. ఆ తర్వాత వాడే ప్రచురణకర్త ఎవరూ రూపాయి కట్టనక్కర్లేదు.

అపోహ: నేను లినక్స్ వాడను, కాబట్టి నాకు సంబంధం లేదు.

2003లో థాయిలాండ్ ప్రభుత్వం లినక్స్ వేసిన చవక కంప్యూటర్ల పథకం పెట్టింది. మైక్రోసాఫ్ట్ వెంటనే దిగొచ్చి విండోస్, ఆఫీస్ రెండూ కలిపి 1,490 బాత్‌లకు ఇస్తానంది. అంటే దాదాపు 38 డాలర్లు. మరుసటి ఏడాది పేద దేశాల కోసం స్టార్టర్ ఎడిషన్ తెచ్చింది. డేటాబేస్‌లలోనూ ఇదే జరిగింది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ ఊరికే దొరుకుతుంటే 2005 ప్రాంతంలో ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ కూడా తమ డేటాబేస్‌లకు ఉచిత చిన్న వెర్షన్లు విడుదల చేశాయి. లినక్స్ ముట్టనివాళ్లకు కూడా లినక్స్ వల్ల ధర తగ్గింది.

అపోహ: ఇదంతా ఖాళీగా ఉన్నవాళ్లు సరదాకు రాసేది, ఎవరికీ ఖర్చు లేదు.

లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు కోడ్ రాసేవాళ్లలో ఎక్కువమంది కంపెనీల్లో జీతం తీసుకునే ఇంజినీర్లే. 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు ఒక అంచనా కట్టారు. బాగా వాడుకలో ఉన్న ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఒకసారి మళ్లీ రాయించడానికి 415 కోట్ల డాలర్లు చాలు. అదే ఎవరికి వారు రాయించుకోవాల్సి వస్తే 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఇది ఊహించి కట్టిన లెక్కే అయినా, పంచుకోవడం వల్ల ఎంత కలిసొస్తోందో తెలుస్తుంది.

ఎవరూ డబ్బు పెట్టని చోట ఏమవుతుందో 2014లో చూశాం. బ్యాంకుల నుంచి దుకాణాల దాకా వెబ్‌సైట్ల తాళం లాంటి ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ను చూసుకునే ఫౌండేషన్‌కు అప్పటిదాకా ఏటా అందే విరాళాలు దాదాపు 2,000 డాలర్లు. కోట్లు గడించే కంపెనీలు ఆ తర్వాత గానీ జేబులో చెయ్యి పెట్టలేదు.

అపోహ: ఓపెన్ సోర్స్ అయితే ఇక ధర పెరిగే భయం లేదు.

ఉంది. 2023లో టెర్రాఫామ్, 2024లో రెడిస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల యజమానులు లైసెన్సు బిగించారు. అయితే నెలలు తిరగకుండానే పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు, వాల్కీ అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయాలు పుట్టుకొచ్చాయి. అదే 2023 చివర్లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లిన మూసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వీఎంవేర్ శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసినప్పుడు, దాని కస్టమర్లు కోడ్ పట్టుకుని వేరు కాపురం పెట్టే దారి లేకపోయింది.

కాబట్టి కొటేషన్ వచ్చినప్పుడు లైసెన్సు ఎంత అని అడిగి ఊరుకోకండి. మిమ్మల్ని మానేస్తే మా డేటా ఏ ఫార్మాట్‌లో చేతికిస్తారు, ఈ పని ఇంకెవరు చేయగలరు అని అడిగి జవాబు కాగితం మీద తీసుకోండి. ఓపెన్ సోర్స్‌కు వెళ్తుంటే శిక్షణకూ బ్యాకప్‌కూ ఈ ఏడాదే పద్దు రాయించండి.