వెనక్కి తిప్పితే... గర్‌ర్‌ర్!

ముందుకు పోయేటప్పుడు కిమ్మనదు. వెనక గేరు వేస్తే చాలు... కింద ఎవరో రాళ్లు నూరుతున్నట్టు ఒకటే చప్పుడు! ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాళ్లలో, అందులోనూ నెల్లూరు తీరంలో ఇసుకలో, ఉప్పుగాలిలో తిరిగేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. వినగానే ‘గేర్‌బాక్స్ పోయింది’ అని గుండెలు బాదుకోనక్కర్లేదు. చాలాసార్లు దొంగ ఇంకెక్కడో దాక్కుని ఉంటాడు.

ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ నెల్లూరు నుంచి మైపాడు బీచ్‌కి బయల్దేరారనుకోండి. పాతిక కిలోమీటర్ల దారి. నాలుగు చక్రాలూ లాగే బండి కదా అన్న ధీమాతో నాన్న తారురోడ్డు దిగి ఇసుకలోకి పోనిచ్చాడు. కాసేపు పిల్లల కేరింతలు. ఆ తర్వాత మెత్తటి ఇసుకలో చక్రాలు కూరుకున్నాయి. ఎలాగోలా వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి వచ్చి బయటపడ్డారు. (ఇసుకలో ఇరుక్కున్నప్పుడు అదే సరైన పద్ధతి కూడా. ముందుకు తొక్కేకొద్దీ ఇంకా దిగబడుతుంది.) సాయంత్రం ఇంటికొచ్చి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గేటులోంచి వెనక్కి పెడుతుంటే... గర్‌ర్‌ర్, టక్!

‘‘ఏమైందండీ?’’ అంటుంది అమ్మ. ఏమైందో నాన్నకీ తెలీదు. మర్నాడు షెడ్డుకి వెళ్లి ‘‘రివర్స్‌లో సౌండొస్తోంది’’ అని ఆ ఒక్క ముక్కే చెబితే, మెకానిక్ చెయ్యి ముందు గేర్‌బాక్స్ మీదికే పోతుంది. దాన్ని దించడం చిన్న పని కాదు, చిన్న ఖర్చూ కాదు. తీరా దించాక అందులో ఏమీ లేదని తేలితే? అందుకే షెడ్డుకి వెళ్లేముందు కాస్త చెవిపెట్టి వినాలి.

రెండో చెంప

అసలు వెనక్కి వచ్చేటప్పుడే ఎందుకు? గేరు పంటికి మనిషి ముఖంలా రెండు చెంపలుంటాయి. ముందుకు వెళ్లినంతసేపూ బరువంతా ఒక చెంప మీదే పడుతుంది. రివర్స్ వేయగానే రెండో చెంప మీదికి మారుతుంది. గేర్‌బాక్స్‌లోనే కాదు... వెనక ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బెత్తుగా కనిపించే హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్ దగ్గరా అంతే. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలోని క్రాస్‌ల మీదా, చివరికి ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మెల మీదా తోపు తారుమారవుతుంది. ముందుకు పోయేటప్పుడు ఓ పక్కకి ఒరిగే ఇంజిన్, గేర్‌బాక్స్ రివర్స్‌లో రెండో పక్కకి ఒరుగుతాయి. రబ్బరు చిరిగి ఉంటే ఆ కాస్త ఒరుగుడుకే సైలెన్సర్ గొట్టం ఛాసిస్‌కి తగిలి గరగరలాడొచ్చు. అంటే ముందుకు పోయేటప్పుడు నోరు మూసుకున్న లోపాన్ని రివర్స్ గేరు బయటపెడుతుందన్నమాట. కాబట్టి చప్పుడు రివర్స్‌లో వచ్చినంత మాత్రాన రివర్స్ గేరుదే తప్పని కాదు!

కదలకముందే వస్తే...

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. చప్పుడు వచ్చేది గేరు వేసేటప్పుడా, చక్రాలు తిరిగేటప్పుడా?

బండి కదలకముందే, లివర్ పడేటప్పుడే గర్రుమంటే అది క్లచ్ సంగతి, లేదా మన తొందరపాటు. వేరువేరు వేగాలతో తిరిగే భాగాల్ని ఒకే వేగానికి తెచ్చి, ఆ తర్వాత కలిపే ఏర్పాటును సింక్రోమెష్ అంటారు. 1928లో క్యాడిలాక్ కార్లతో అది రోడ్డెక్కింది. అయితే ఆ సౌకర్యం అన్ని గేర్లకీ దక్కలేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపులో ముందుకు మూడు గేర్లుంటే రెండు, మూడు గేర్లకే అది ఉండేది. ఒకటో గేరుకీ, రివర్స్‌కీ బండి ఆపాల్సిందే. ఇప్పటి మహీంద్రా సంస్థ బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఆ విల్లీస్ వంశపు జీపులనే. నేటికీ చాలా బళ్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగకుండా గేరు లాగితే పళ్లు పళ్లు రాసుకుని అరుస్తాయి.

బండి ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టి గేరు వేయండి. లేదంటే ముందు ఏదో ఒక ముందుకు వెళ్లే గేరులోకి నెట్టి, అక్కణ్నుంచి రివర్స్‌కి మార్చండి. చప్పుడు పోయిందా... అలవాటు మార్చుకుంటే చాలు. పోలేదంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆయిల్ తగ్గిందేమో, పైపులో గాలి చేరిందేమో చూపించాలి.

అన్నట్టు, వెనక్కి వస్తున్నంతసేపూ సన్నగా ‘కూ...’ అని వినిపించే కూత జబ్బు కాదు. చాలా బళ్లలో రివర్స్ గేరు పళ్లు ఏటవాలుగా కాక నిటారుగా ఉంటాయి. వాటి గొంతే అంత.

ఉప్పుగాలి పని

కదిలాక, చక్రం తిరిగే వేగాన్నిబట్టి చప్పుడు పెరిగి తగ్గుతుంటే తీరం బళ్లలో ముందు అనుమానించాల్సింది బ్రేకుల్ని. ఇస్కపల్లి ఉప్పు మళ్ల దగ్గరా, కృష్ణపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీదా తిరిగే బండి రాత్రంతా ఆరుబయట ఉంటే తెల్లారేసరికి బ్రేకు డిస్కుల మీద పల్చటి తుప్పు పొర కమ్ముతుంది. పొద్దున్నే మనం చేసే మొదటి పని ఏమిటి? ఇంటి ముందు నుంచి బండిని వెనక్కి తీయడమే కదా. అప్పుడు ఆ పొర ప్యాడ్‌లకి రాసుకుని కరకరమంటుంది. రెండు మూడుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. పోతే దిగులే లేదు.

పోకపోతే డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకును చూడాలి. రాళ్లూ బురదా తగలకుండా అడ్డుపెట్టిన రేకది. గట్టుకో, ఇసుక దిబ్బకో తగిలి కాస్త వంగినా డిస్కుని గీరుతుంది. దానికీ డిస్కుకీ మధ్య చిన్న గులకరాయి ఇరుక్కున్నా అంతే. ముందుకు తిరిగేటప్పుడు ఓ మూల ఒదిగి ఉన్న రాయి, వెనక్కి తిప్పగానే అడ్డం తిరిగి రేకుల డబ్బాలో గోళీలు ఆడించినట్టు గోల చేస్తుంది. చక్రం విప్పి, రాయి తీసి, రేకును చేత్తో సరిచేస్తే సరి. దీనికోసం గేర్‌బాక్స్ దించుకున్నవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఉపేక్షించకూడనిది ఒకటుంది. ప్యాడ్‌లు, లైనర్లు అరిగి ఇనుము ఇనుమునే రాస్తుంటే... బ్రేకు తొక్కినప్పుడు ఆ చప్పుడు మరీ ఎక్కువవుతుంది. అప్పుడు వాయిదాలొద్దు. పిల్లల్ని ఎక్కించుకుని తిరగాల్సిన బండి కాదది.

గేటు దగ్గర ‘టక్’

ఇంతకీ మైపాడు నుంచి వచ్చిన బండికేమైంది? ఇసుకలో ‘ఫోర్ హెచ్’లో పెట్టిన లివర్‌ను నాన్న మళ్లీ ‘టూ హెచ్’కి మార్చడం మరిచిపోయాడు. అంతే!

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపులో, వెనక చక్రాలు చిన్న వంపులో నడుస్తాయి. అంటే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. అవసరమైనప్పుడు మాత్రమే నాలుగు చక్రాలకీ కలిపే రకం బళ్లలో లివర్ వేయగానే ముందు, వెనక షాఫ్ట్‌లు ఒకదానికొకటి బిగిసిపోతాయి. ‘నువ్వు ఎక్కువ తిరుగు, నేను తక్కువ తిరుగుతా’ అనే వీలు ఇక లేదు. ఇసుకలోనైతే టైర్లు కాస్త జారి ఆ తేడాను సర్దేసుకుంటాయి. తారురోడ్డు, సిమెంటు వాకిలి జారనివ్వవు కదా! దాంతో షాఫ్ట్‌లు తడిబట్ట పిండినట్టు మెలిపడతాయి. స్టీరింగ్ మొత్తం తిప్పి వెనక్కి పెట్టినప్పుడు ఆ పట్టు మరింత బిగుస్తుంది. చివరికి టైరు ఒక్కసారిగా జారి ‘టక్’ అంటుంది. అలాగే వదిలేస్తే టైర్లు అరగడమే కాదు, షాఫ్ట్‌లను కలిపే ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ ముప్పే. లివర్ మొరాయిస్తే బలవంతం చేయొద్దు. స్టీరింగ్ నిటారుగా పెట్టి నాలుగు గజాలు వెనక్కి పోనిస్తే మెలి వీడి, మెల్లగా వచ్చేస్తుంది. ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బళ్లలో మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి వాటికి ఈ బెడద తక్కువ.

కొన్ని బళ్లలో ముందు చక్రాల మధ్య హబ్ లాక్‌లుంటాయి. వాటంతటవే పడే రకమైతే, బండి దిశ మారినప్పుడు ఒకసారి విడివడి మళ్లీ పట్టుకునేవి కొన్నున్నాయి. ఇసుక చేరి సగమే పట్టుకుంటే కరకరమని పళ్లు జారిన చప్పుడు వస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే ‘కట కట’ మంటే ముందు ఇరుసు జాయింట్లది. కదిలే క్షణంలో ఒక్కసారి ‘టక్’ మని, ఆపైన ‘కిచ్ కిచ్’ మంటుంటే ఎండిపోయిన క్రాస్‌లది. గ్రీజు పెట్టి చూడాలి.

ఇంట్లోనే చిన్న పరీక్ష

వాహనాలు రాని చదునైన చోటు చూసుకోండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. వినే మనిషి బండికి పక్కన, ఓ రెండు గజాల ఎడంగా నిలబడాలి తప్ప వెనకాల కాదు. మొదట టూ హెచ్‌లో, స్టీరింగ్ నిటారుగా ఉంచి మెల్లగా వెనక్కి రండి. తర్వాత బ్రేకు మీద పాదం అలా ఆనించి చూడండి. చప్పుడు మారితే బ్రేకులదే. ఆపైన స్టీరింగ్ చెరో వైపు తిప్పి వినండి. చివరగా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, గేరు న్యూట్రల్ చేసి ఇద్దరు వెనక్కి తోయాలి. బ్రేకు మీద కాలు మాత్రం సిద్ధంగా ఉండాలి. అప్పుడూ చప్పుడొస్తే చక్రాల్లోనో, బ్రేకుల్లోనో, ఇరుసులోనో ఉంది. రాకపోతేనే గేర్‌బాక్స్, క్లచ్, రబ్బరు దిమ్మెల వంతు. ఈ సంగతులన్నీ ఓ కాగితం మీద రాసుకెళ్తే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. వీలైతే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెనక్కి తోలి వినిపించండి.

అలల్లోకి దింపిన బండైతే మరో తనిఖీ కూడా ఉంది. వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. గాలి పీల్చే చిన్న గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి సముద్రపు నీటిని లోపలికి లాగుతుంది. ఇంటికి రాగానే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగినా లోపలి ఉప్పు లోపలే ఉంటుంది. అందుకే హౌసింగ్ ఆయిల్ తీయించి చూడాలి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే. వెంటనే మార్పించాలి. కొన్ని బళ్లలో ఆయిల్ వదిలే బిరడాకి అయస్కాంతం ఉంటుంది. దానికి కాటుకలా సన్నటి నుసి అంటుకుంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునేంత ముక్క కనిపిస్తే మాత్రం ఆ బండిని తోలుకుంటూ కాదు... లాగించుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లాలి.